ఒంటికి గుర్తున్న బిడ్డ

"రెండింటికల్లా బెడ్డు దగ్గర ఉండాలన్నారు. ఇప్పుడు పదకొండున్నర. నువ్వు లేస్తావా, నన్నే ఎత్తుకుపొమ్మంటావా?"

సందీప్ గొంతులో కోపం లేదు. పొద్దున్నుంచీ అరిచి అరిచి అలిసిపోయాక మిగిలిన గొంతు అది. ఎనిమిదింటికి సర్దిన బ్యాగు గుమ్మం పక్కనే ఉంది. బ్యాగు మీద మాస్కుల పెట్టె, దాని మీద కారు తాళాలు.

రసజ్ఞ డైనింగ్ టేబుల్ ముందు నుంచి కదల్లేదు.

"రానన్నాను కదా."

"నిన్న డాక్టర్ అబ్రహాం అంత వివరంగా చెప్పాక కూడానా?"

"ఆయన చెప్పాకే రానంటున్నాను."

వంటింట్లో గిన్నె ఒకటి ఠంగుమంది. పుణ్యవతికి కోపమొస్తే ముందు గిన్నెలకు మూడుతుంది, తర్వాత మనుషులకు. కోడలికి గుండె మార్చిన ఈ ఏడు నెలల్లో ఆవిడ ప్రతి గిన్నెనీ మరిగే నీళ్ళలో ముంచి తీసింది. పచ్చి కొత్తిమీర కూడా ఇంటి గడప తొక్కనివ్వలేదు. గోపన్‌పల్లి సందుల్లో ఎక్కడ అపార్ట్‌మెంట్ పని మొదలైనా దుమ్ము వస్తుందని కిటికీలన్నీ మూయించింది. అంత చేసిన మనిషి, నిన్న మధ్యాహ్నం నుంచీ కోడలి కళ్ళలోకి చూడలేకపోతోంది.

ఆవిడ పమిటకు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మాత్రలు ఒక్కపూట కూడా తప్పలేదు కదే. పొద్దున తొమ్మిది, రాత్రి తొమ్మిది. అలారం మోగడం ఆలస్యమైతే నేనే కేకేసేదాన్ని. మరి ఎందుకు పడటం లేదట ఈ గుండె?"

"ఎందుకో నిన్న చెప్పారు కదత్తయ్యా. మీరూ విన్నారు."

పుణ్యవతి ఆరిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"అమ్మా, ఇప్పుడైనా ఒప్పుకో," అన్నాడు సందీప్. "రసజ్ఞ ఐసీయూలో మిషన్ మీద ఉన్నప్పుడు ఆసుపత్రి స్టెల్లా మేడం కాయితం పట్టుకుని నిన్నే అడిగింది. కడుపు ఎప్పుడైనా వచ్చిందా, వచ్చి పోయిందా అని రెండుసార్లు అడిగింది. నువ్వు లేదన్నావు."

"నువ్వు పక్కనే ఉన్నావు కదరా! నీ నోరేమైంది?"

"నువ్వు లేదన్నాక నేను ఉందంటే..."

"అంటే ఏమయ్యేది? అనాల్సింది!" ఆవిడ గొంతు పెరిగింది. "ఆ ఆసుపత్రి హాల్లో మా చెల్లెలుంది, మీ పెదనాన్న కొడుకులున్నారు, మన జయంతి అత్తగారుంది. ఆరేళ్ళు దాచిన మాట అందరి ముందూ ఎలా చెప్పమంటావు? అదొక రక్తం సంగతి, గుండె సంగతి అవుతుందని నాకేం తెలుసు? పిల్లలున్నారా అని అడిగినట్టే అనుకున్నాను."

"మీరిద్దరే కాదు," అంది రసజ్ఞ నెమ్మదిగా. "స్పృహ వచ్చి, ఆపరేషన్ కోసం ఎదురు చూస్తున్నప్పుడు అదే కాయితం నాకూ ఇచ్చారు, చదివి సంతకం పెట్టమని. లేదు అని రాసుంది. చూశాను. చూసి సంతకం పెట్టాను."

ఆ మాటకు ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఈ సంగతి ఇద్దరికీ తెలియదు.

"ఎందుకు పెట్టావు?" అన్నాడు సందీప్.

"లేదు అనడం ఈ ఇంట్లో మీరే కదా నేర్పారు. బాగా నేర్చుకున్నాను."

కింద గేటు దగ్గర ఎవరో డెలివరీ మనిషి వాచ్‌మన్‌తో గొడవ పడుతున్నాడు. ఆ గొడవ తొమ్మిదో అంతస్తు దాకా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది ఇల్లు.

నిన్న డాక్టర్ అబ్రహాం గదిలో ముగ్గురూ కూర్చున్నారు. ఆయన పాత రిపోర్టు వెనక్కి తిప్పి, ఖాళీ వైపు పెన్నుతో గుండ్రంగా ఒక బొమ్మ వేశారు. దాని చుట్టూ చిన్న చిన్న గీతలు గీశారు.

"ప్రతి మనిషి కణాల మీదా ఇలా కొన్ని గుర్తులుంటాయమ్మా. సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి పుట్టుకతో వస్తాయి. మీకు పెట్టిన గుండె మీద దాని మనిషి గుర్తులున్నాయి. అవి మీ ఒంటికి కొత్త. కొత్తవాటి మీదికి ఒళ్ళు పోట్లాటకు పోకుండా ఆపడానికే ఈ మాత్రలు."

"మరిప్పుడు?" అన్నాడు సందీప్.

"ఇప్పుడు ఒక గుర్తు మీదికి మాత్రం ఒళ్ళు ఆగకుండా వెళుతోంది. కొత్తదాన్ని చూసి మెల్లగా నేర్చుకున్నట్టు లేదు. ఇంతకు ముందే దాన్ని ఎరిగున్నట్టు, ఒక్కసారిగా లేచింది." ఆయన ఒక గీత మీద పెన్ను ఆనించారు. "అందుకే మీ రక్తం కూడా తీసుకున్నాం సందీప్ గారూ. ఈ గుర్తు మీకుంది. మీ నాన్నగారి నుంచో అమ్మగారి నుంచో మీకు వచ్చింది. ఆ గుండె ఇచ్చిన మనిషికీ అదే గుర్తు ఉండటం యాదృచ్ఛికం. కానీ రసజ్ఞ గారి ఒంటికి అది ఎలా తెలిసింది? ఈవిడకు ముందెప్పుడూ రక్తం ఎక్కించలేదు. కడుపు రాలేదని రాసుంది."

ఆయన పెన్ను పక్కన పెట్టి ముగ్గురినీ చూశారు.

తల్లి కడుపులో ఉన్న బిడ్డకు సగం గుర్తులు తండ్రివి. తల్లి రక్తం వాటిని చూస్తుంది, గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ జ్ఞాపకం పరీక్షలకు కూడా దొరకకుండా మణిగి ఉండొచ్చు. మళ్ళీ అదే గుర్తు ఎదురైతే లేస్తుంది. ఇదంతా ఆయన, పోయిన కడుపు సంగతి బయటపడ్డాక చెప్పారు. ముందే తెలిసి ఉంటే మీ ఆయన రక్తం కూడా చూసేవాళ్ళం, ఇంకా జాగ్రత్తగా ఉండేవాళ్ళం అని కూడా అన్నారు. తప్పు పట్టే గొంతుతో అనలేదు గాని, పుణ్యవతి కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయింది.

రసజ్ఞకు మాత్రం ఆ గదిలో ఒక్క మాటే చెవిలో మిగిలింది. ఎరిగున్నట్టు.

ఆరేళ్ళ కిందట, ఆడపడుచు జయంతి పెళ్ళికి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, అయిదో నెలలో పోయింది ఆ బిడ్డ. అయిదు నిండాక అందరికీ చెబుదామనుకున్న కడుపు. ఇంట్లో మైల అంటే పెళ్ళికూతురి తల్లిదండ్రులు పీటల మీద కూర్చోకూడదంటారు, ముహూర్తం తప్పుతుందంటారు. మైల ఉందో లేదో పురోహితుణ్ణి అడగాలంటే ముందు జరిగింది చెప్పాలి. కాబట్టి ఏమీ జరగలేదు. కోడలికి టైఫాయిడ్ అన్నారు. మామగారు భీమేశ్వరరావు శుభలేఖలు పంచడానికి కాకినాడ వెళ్ళారు. చనిపోయేనాటికి కూడా ఆయనకు ఈ సంగతి తెలియదు. పెళ్ళిలో రసజ్ఞ పట్టుచీర కట్టుకుని, పాలు చేపిన రొమ్ముల్ని బిగించి కట్టి, ఆడపడుచు వెనక నిలబడి తలంబ్రాల పళ్ళెం పట్టుకుంది. ఫొటోల్లో నవ్వుతూ ఉంటుంది.

ఆడో మగో కూడా ఆమెకు చెప్పలేదు. అడిగితే, "లేని దాని గురించి ఎందుకమ్మా," అనేది పుణ్యవతి. అంత మెత్తగా అనేది కాబట్టి పోట్లాడటానికి కూడా వీలయ్యేది కాదు. సందీప్‌ను అడిగితే గది దాటి వెళ్ళిపోయేవాడు.

ఇన్నేళ్ళుగా ఆ బిడ్డ కోసం రసజ్ఞకు ఒక చోటు లేదు, ఒక తేదీ లేదు, తలుచుకుని పిలవడానికి పేరు లేదు. తనే పిచ్చిగా ఊహించుకుందేమోనని కొన్నాళ్ళు అనుకుంది కూడా. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి పిల్లల ఫొటోలు చూపిస్తుంటే, నాకూ అని నోటి దాకా వచ్చిన మాటను ఎన్నిసార్లు మింగిందో. నిన్న ఒక డాక్టరు, ఏ చుట్టరికమూ లేని మనిషి, కాయితం మీద గీత గీసి చూపించాడు. ఉంది, నీ రక్తానికి తెలుసు అని.

ఇప్పుడు ఆ రక్తాన్ని మిషన్‌లో వడగట్టి, అందులోని పసుపు నీళ్ళతో పాటు దాన్నే తీసేస్తారట.

ఫోను మోగింది. ఆసుపత్రిలో గుండె మార్పిడి రోగుల బాగోగులు చూసే స్టెల్లా. సందీప్ స్పీకర్ నొక్కి టేబుల్ మీద పెట్టాడు.

"రసజ్ఞమ్మా, బయల్దేరిన్రా? బెడ్డు పట్టి పెట్టిన, మిషన్ గూడ రెడీ ఉన్నది. జర జల్ది రండి. నిన్న పొద్దుగాల్నే ఆయాసం ఉందంటిరి. ఇయ్యాల ఎట్లుంది?"

"మెట్లు ఎక్కలేకపోతున్నాను స్టెల్లా గారూ."

"అగో! మరి ఇంకా ఇంట్లనే ఏం చేస్తున్నరు?"

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. రక్తంలోంచి ఆ పసుపు నీళ్ళు తీసేస్తారు కదా. తీసేసి ఎక్కడ పోస్తారు?"

పదిహేనేళ్ళుగా రోగులు అడిగిన వింత ప్రశ్నలెన్నో విన్న మనిషి స్టెల్లా. ఇది మాత్రం కొత్త.

"సంచిల కట్టి పంపుతమమ్మా. కాల్చేతందుకు తీస్కపోతరు. ఎందుకడుగుతున్నరు?"

"మళ్ళీ సంచీలోనా," అంది రసజ్ఞ. కన్నీళ్ళు ధారగా వచ్చాయి. "నాకు మిగిలింది అదొక్కటే స్టెల్లా గారూ. అది కూడా తీసేస్తే ఇంక నాకేముంటుంది?"

"రసా!" సందీప్ టేబుల్ మీద చెయ్యి వేశాడు.

"ఆగున్రి సార్, జర నన్ను మాట్లాడనియ్యిన్రి." స్టెల్లా గొంతు తగ్గింది. "ఇగో ఇనమ్మా. నీళ్ళే పోతయి. ఒంటికున్న యాది పోదు. డాక్టర్ సారే చెప్తుంటడు, లోపల యాది పెట్టుకునేటియి అట్లనే ఉంటయి, అందుకే మల్ల మల్ల పరీక్ష చేసుకుంట ఉండాలె అని. మీ బిడ్డను ఎవ్వరు తీస్కపోరు. గని ఆ నీళ్ళు గిట్లనే ఉంటే గుండె ఆగమైతది. అది గూడ ఒక తల్లి కన్నదే కదమ్మా. ఇరవై రెండేండ్ల పిల్లగాడు. ఆమె ఏడ్చుకుంటనే సంతకం పెట్టింది."

రసజ్ఞ తెలియకుండానే చెయ్యి ఛాతీ మీద పెట్టుకుంది. నిలువునా ఉన్న కుట్టు కింద గుండె గబగబా కొట్టుకుంటోంది. ఏడు నెలలుగా రోజూ పడుకునే ముందు ఆ తల్లికి మనసులో దండం పెట్టుకుంటుంది. ఇప్పుడు తన బిడ్డ జ్ఞాపకమే ఆ తల్లి బిడ్డ మీదికి వెళుతోంది. ఎవరి వైపు నిలబడాలో ఆమెకు నిజంగా తెలియలేదు.

"వస్తాం మేడం," అని సందీప్ ఫోను పెట్టేశాడు.

రసజ్ఞ కళ్ళు తుడుచుకుంది. అత్తగారి వైపు తిరిగింది.

"అప్పుడు కూడా సంచీలోనే పంపారా అత్తయ్యా?"

"ఇప్పుడా మాటలు..."

"ఇప్పుడే. ఇది చెప్పకుండా నన్ను కారెక్కించలేరు. పోతే పోతాను."

"ఏమే, ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది!" పుణ్యవతి గద్దించబోయింది. గద్దింపు సగంలోనే విరిగిపోయింది. ఆవిడ కుర్చీ లాక్కుని కోడలి ఎదురుగా కూర్చుంది. మరిగించిన నీళ్ళ గ్లాసును అటూ ఇటూ జరిపింది.

"అక్కడికి జయంతి వస్తుందట. ఆఫీసు నుంచి నేరుగా. దాని ముందు ఈ మాట ఎత్తనని చెప్పు."

"ముందు మీరు చెప్పండి."

ఆవిడ గ్లాసును పక్కకు తోసింది.

"ఆడపిల్ల," అంది చివరికి.

రసజ్ఞ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"సంచీలో పంపలేదు. నర్సు తీసుకుపోబోతుంటే నేనే అడ్డం పడ్డాను. నా చేతుల్లోకి తీసుకున్నాను. ఇంత ఉంది." ఆవిడ అరచేతులు రెండూ దగ్గరగా పట్టి చూపించింది. "నా పాత వెంకటగిరి చీర చెంగు చింపి చుట్టాను. లేదు లేదని ఆరేళ్ళు నీకు చెప్పాను గాని, నా ఈ చేతులకు చెప్పుకోలేకపోయానమ్మా. గిన్నె తోముతుంటే కూడా గుర్తొస్తుంది."

"ఎవరి పోలిక?"

రసజ్ఞ అడిగిన తీరుకు సందీప్ మొహం తిప్పుకున్నాడు. పురిట్లో బిడ్డను చూసుకున్న తల్లి అడిగినట్టే అడిగింది.

"మొహం అప్పటికింకా తెలియలేదే. నీదే అనుకున్నాను, నుదురు చిన్నది." పుణ్యవతి వంగి కొడుకు పాదాల వైపు చూసింది. "కాళ్ళు మాత్రం వీడివి. బొటనవేలి కంటే రెండో వేలు పొడుగు. మా నాన్నకీ అంతే, నాకూ అంతే. అంత చిన్న కాలికి కూడా ఆ వేలు..."

ఆవిడ కోడలి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. అత్తగారు తన ముందు ఏడవడం రసజ్ఞ ఎప్పుడూ చూడలేదు, మామగారు పోయినప్పుడు కూడా. ఆవిడ నెరిసిన పాపిట మీద చెయ్యి వేయాలా వద్దా అని కాసేపు ఆగింది. కోపం ఇంకా ఉంది. అయినా వేసింది.

"ఎక్కడ పెట్టారు?" అంది.

పుణ్యవతి తల అడ్డంగా ఊపింది. "నాకు తెలీదు. వీడొక్కడే తీసుకెళ్ళాడు."

సందీప్ బ్యాగు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆరేళ్ళలో నాకేం తెలియదు, అంతా ఆసుపత్రివాళ్ళే చూసుకున్నారని ఎన్నిసార్లు అన్నాడో అతనికే గుర్తుండదు.

"నువ్వు ఇంటికొచ్చిన రోజు తీసుకెళ్తాను," అన్నాడు. "మాస్కు పెట్టుకో. ఇక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరం."

నడిచి వెళ్ళేంత దూరం. బిడ్డ పోయాక కొండాపూర్‌లో, శేరిలింగంపల్లిలో ఎన్ని ఫ్లాట్లు చూశారు! స్టేషన్ దగ్గరనీ, ఆఫీసు దగ్గరనీ ఆమె మొత్తుకుంటుంటే, అప్పటికింకా రోడ్డు కూడా సరిగ్గా లేని ఈ గోపన్‌పల్లే కావాలని మొండికేశాడు. రాళ్ళూ తుప్పలూ చూసి ఏం మురిసిపోయావని ఇప్పటికీ దెప్పుతుంటుంది. ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు.

రసజ్ఞ లేచింది. బ్యాగు మీది పెట్టెలోంచి మాస్కు తీసుకుని తనే పెట్టుకుంది.

"తాళాలు తియ్యి సందీప్. టైమవుతోంది."

ఆసుపత్రి అయిదో అంతస్తులో స్టెల్లా చక్రాల కుర్చీతో ఎదురొచ్చింది. ఆమె వెనకే, మెడలో ఆఫీసు ట్యాగుతో, చేతిలో ఫ్లాస్కుతో జయంతి. వదినను చూడగానే పరుగున వచ్చి, మాస్కు గుర్తొచ్చి రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఏంటి వదినా, అన్నయ్య పొద్దున్నుంచీ ఫోనెత్తడు, అమ్మ అయితే అసలు మాట్లాడదు! భయంతో చచ్చాను ఇక్కడ."

"వచ్చేశాంగా," అంది రసజ్ఞ. ఆయాసంతో మాట తునకలుగా వచ్చింది.

స్టెల్లా కాయితాల అట్ట ఆమె ఒళ్ళో పెట్టింది. "పాతది కొట్టేసినమమ్మా. డాక్టర్ సార్ కొత్తగ రాయించమన్నడు. మీరే రాయున్రి, మీ చేత్తోనే."

పుణ్యవతి కోడలి భుజం మీద చెయ్యి వేసింది. గట్టిగా నొక్కింది. అందులో వేడుకోలు ఉంది. రసజ్ఞకు తెలుస్తూనే ఉంది. మాట ఇవ్వమని అడిగింది గాని, తను ఇవ్వలేదు. కారులో దారంతా ఆవిడ అదే ఆలోచిస్తూ కూర్చుందని కూడా తెలుసు.

రక్తం గ్రూపు. మందులు. పడని పదార్థాలు. ఒక్కొక్కటీ నింపుకుంటూ వచ్చింది. ఇంతకు ముందు గర్భం వచ్చిందా అన్న చోట పెన్ను ఆగింది.

ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎవరైనా చదువుకునేటట్టు రాసింది. వచ్చింది. ఒకసారి. ఆడపిల్ల. అయిదో నెలలో పోయింది.

రాసినవాటిని మళ్ళీ చదువుకుంది. ఆడపిల్ల అన్న మాటను ఇంకోసారి చదువుకుంది. తన బిడ్డ గురించి లోకంలో ఎక్కడైనా రాసిన మొదటి మాట అదే.

"ఎప్పుడనేది గూడ రాయాలెనమ్మా," అంది స్టెల్లా. "తేదీ."

ఫ్లాస్కు మూత తిప్పుతున్న జయంతి వంగి చూసింది. మూత చేతిలోనే ఉండిపోయింది.

"వదినా... ఇదేంటి? ఎప్పుడు?"

రసజ్ఞ పెన్నును భుజం మీదున్న చేతికి అందించింది.

"నాకు ఒంట్లో బాగాలేదు అప్పుడు. తేదీ సరిగ్గా గుర్తులేదు. మీకు గుర్తుంటుంది అత్తయ్యా. మీరు రాయండి."

పుణ్యవతి పెన్ను తీసుకుంది. కూతురి మొహం చూసింది. కొడుకు వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఇక చూడటానికి ఎవరూ మిగల్లేదు. ఆవిడ వంగి, కోడలి ఒళ్ళో ఉన్న కాయితం మీద రాసింది. ఫిబ్రవరి పన్నెండు. పక్కనే సంవత్సరం కూడా వేసింది.

స్టెల్లా కుర్చీని లోపలికి తిప్పింది. తలుపులు మూసుకునే లోపు రసజ్ఞ వెనక్కి తిరిగి చూసింది. జయంతి పెళ్ళి ఫిబ్రవరి ఇరవై ఒకటి. ఫ్లాస్కు మూత పట్టుకున్న చేతి వేళ్ళ కణుపుల మీద ఆ పిల్ల మెల్లగా రోజులు లెక్కపెడుతోంది. తొమ్మిదో కణుపు దగ్గర ఆగి, తల ఎత్తి తల్లి వైపు చూసింది.

"నా పెళ్ళి కోసమా అమ్మా?"